మార్పులు చేసిన ఇల్లు కొంటున్నారా? కాగితాలు లేనప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి

ఇల్లు నచ్చింది, ధర కుదిరింది, అడ్వాన్స్ ఇవ్వడానికి రోజు కూడా అనుకున్నారు. సరిగ్గా అప్పుడే వెనక గది తర్వాత కట్టించినదని, హాలు పెద్దది చేయడానికి మధ్య గోడ తీసేశారని, వాటికి కాగితం ఒక్కటీ లేదని బయటపడుతుంది. "ఏమీ కాదండీ, పదేళ్ళుగా ఉంటున్నాం కదా" అంటారు అమ్మేవాళ్ళు. వాళ్ళు కావాలని దాస్తున్నారని అనుకోనక్కర్లేదు. ఆ మార్పు చేయించింది వాళ్ళకంటే ముందున్న యజమాని అయితే వాళ్ళకూ పూర్తిగా తెలియదు. కానీ రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ గోడ, ఆ గది, వాటి మీద రాబోయే నోటీసు అన్నీ మీ తలకే చుట్టుకుంటాయి. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ డబ్బు చేతులు మారకముందు చేయాల్సినవి.

కాగితం లేదనగానే రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. పని గట్టిగా, భద్రంగా జరిగిందా? దానికి అనుమతి ఉందా? ఒకదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలిపోదు. అనుమతి ఉన్న గదిలోనూ వైరింగ్ ప్రమాదకరంగా ఉండొచ్చు. ఎంతో గట్టిగా కట్టిన గదిని కూడా అనుమతి లేదని కూల్చమనొచ్చు. మొదటి ప్రశ్నకు ఇంజనీరు జవాబు చెప్పాలి, రెండోదానికి లాయరు. ఇద్దరినీ మీరే పెట్టుకోండి. బ్రోకరు చూపించిన మనిషి వద్దు, బేరం కుదిరితేనే బ్రోకరుకు కమీషన్ వస్తుంది కాబట్టి.

ముందు ఏమేం మారిందో తెలియాలి. ఆమోదం పొందిన ప్లాన్ కాపీ, ఒక టేపు పట్టుకుని ఇల్లంతా తిరగండి. గదుల కొలతలు, గోడలు, కిటికీలు, మెట్లు ప్లాన్‌తో సరిపోతున్నాయా చూడండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే ఫ్లోరు ఎత్తు మారడం, ఒకే గోడ మందం మధ్యలో తగ్గిపోవడం, ఒక గదిలో మాత్రం స్విచ్‌బోర్డులు వేరే రకంగా ఉండడం, లోపలి గోడకి పాత కిటికీ మూసేసిన గుర్తు కనిపించడం, ఇవన్నీ తర్వాత జరిగిన పనికి ఆనవాళ్ళు. తేడా ఉన్న ప్రతిచోటా ఫోటో తీసి, ఏ సంవత్సరంలో ఎవరు చేయించారో అమ్మేవాళ్ళని రాతపూర్వకంగా అడగండి.

అన్ని మార్పులకీ ఒకేలా టెన్షన్ పడక్కర్లేదు. రంగులు, టైల్స్, కప్‌బోర్డులు, కిచెన్ ప్లాట్‌ఫాం మార్చినందుకు సాధారణంగా అనుమతి అక్కర్లేదు, బిల్లు లేకపోతే వారంటీ పోతుంది అంతే. నిద్ర మానేసి ఆలోచించాల్సినవి బరువు మోసే భాగాలు, కరెంటు, గ్యాస్.

గోడ తీసేసిన ఇంటినే తీసుకుందాం. పిల్లర్లు, బీములతో కట్టిన ఇంట్లో లోపలి గోడలు చాలావరకు గదులను విడదీయడానికే ఉంటాయి. పిల్లర్లు లేని పాత ఇళ్ళలో అలా కాదు, మందపాటి ప్రతి గోడా పైకప్పు బరువునో పై అంతస్తు బరువునో మోస్తూ ఉండొచ్చు. అలాంటి గోడ తీసినప్పుడు ఆ బరువుని ఒక బీమ్ అందుకోవాలి. ఆ బీమ్ రెండు చివరలా దేనిమీద ఆనిందో, ఆ ఆనిన చోటు అంత బరువు తట్టుకోగలదో లేదో ఎవరో లెక్క కట్టి ఉండాలి. ఆ లెక్క కాగితం లేకపోతే స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకెళ్ళండి. ఫాల్స్ సీలింగ్‌లో చిన్న భాగం తెరిచి బీమ్‌ని చూడడానికి అమ్మేవాళ్ళ ఒప్పుకోలు తీసుకోండి, మళ్ళీ మూయించే ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే, ఆ బీమ్ గురించి ఏమీ తెలియని ఇంటికి ఎంత ఇవ్వాలో అంతే ఇవ్వాలి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగుళ్ళు, కొత్తగా బిగుసుకుపోతున్న తలుపులు, మధ్యలో కుంగినట్టున్న సీలింగ్ కనిపిస్తే ఇంజనీరు రాకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.

పై అంతస్తు తర్వాత వేసిన ఇల్లు ఇంకా పెద్ద విషయం. పునాది, పిల్లర్లు ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారన్నదే అసలు ప్రశ్న. పైన పిల్లర్ల ఊచలు వదిలిపెట్టి ఉన్నంత మాత్రాన కింద పునాదికి ఆ శక్తి ఉన్నట్టు కాదు. కాంక్రీటు బలం అంచనా వేయడానికి రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, కోర్ టెస్టులు ఉన్నాయి. కవర్ మీటర్‌తో లోపల ఊచలు ఎక్కడున్నాయో, ఎంత లోతులో ఉన్నాయో కనిపెడతారు. రీబౌండ్ హ్యామర్ ఒక్కదానితో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు, అది పైపై గట్టిదనమే చెబుతుంది. పునాది విషయానికి పక్కన కొంత తవ్వి చూడాల్సి రావొచ్చు. ఖర్చు ఎక్కువే, కానీ మీ పిల్లలు పడుకునే గది మీద ఆ అంతస్తు ఉంటుంది.

ఇన్నాళ్ళూ నిలబడింది కదా అనే వాదన దగ్గర ఒక్క క్షణం ఆగండి. నిన్నటిదాకా పడిన బరువుని తట్టుకుందనే దానికి అర్థం. రేపు మీరు పైన వాటర్ ట్యాంకు పెట్టినా, పెద్ద గాలివాన వచ్చినా, భూమి కదిలినా ఏమవుతుందో ఆ మాట చెప్పదు.

కరెంటు పనికి సర్టిఫికెట్ లేకపోతే చింత లేదు, కొత్తగా పరీక్ష చేయించొచ్చు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ టెస్టు, వైర్ల ఇన్సులేషన్ (పైతొడుగు) బాగుందో లేదో తేల్చే మెగ్గర్ టెస్టు చేయించండి. ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ప్రకారం ఇంటి వైరింగ్‌ను 500 వోల్టుల డీసీతో పరీక్షిస్తే ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. మనిషి ప్రాణం కాపాడేందుకు పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) రేటింగ్ 30 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు, టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. రీడింగులు రాసి సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. గ్యాస్ లైను మార్చి ఉంటే ప్రెషర్ టెస్టు తప్పనిసరి. బాత్‌రూంలో గ్యాస్ గీజర్ ఉంటే పొగ, గాలి బయటికి పోయే దారి చూడండి. గాలి సరిగా ఆడకపోతే గీజర్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది.

బాత్‌రూం చోటు మార్చి ఉంటే దాని కింది గది సీలింగ్‌లో చెమ్మ ఉందేమో చూడండి, కుదిరితే వాన పడ్డ మర్నాడు వెళ్ళండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే నార) ఉండొచ్చు, ల్యాబ్‌లో తేలేదాకా వాటికి రంధ్రం పెట్టడం, విరగ్గొట్టడం వద్దు. సోలార్ ప్యానెళ్ళు ఉంటే సొంతమా, అద్దె ఒప్పందమా అడగండి, ఆ ఒప్పందం మీ మీదికి రావొచ్చు.

ఇక పోయిన కాగితాలు. లేవన్నవాటిలో కొన్ని నిజానికి ఎక్కడో ఉంటాయి. భవన అనుమతులు ఇచ్చే ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు దొరకొచ్చు. డిజైన్ చేసిన ఇంజనీరు దగ్గర డ్రాయింగులు, కాంట్రాక్టరు దగ్గర బిల్లులు ఉండొచ్చు. ఇంటి పన్ను రికార్డులో విస్తీర్ణం ఏ ఏడు పెరిగిందో చూస్తే గది ఎప్పుడు కట్టారో తెలుస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు, పైకప్పు ఆకారం ఎప్పుడు మారిందో కనిపిస్తుంది. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ ఇచ్చిన అనుమతి లేఖ అడగండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. పాత రికార్డు కాపీ అడగడం వేరు, "ఈ ఇంట్లో అనుమతి లేని గది ఉంది, ఏం చేయాలి" అని డోర్ నంబరుతో సహా ఆఫీసులో అడగడం వేరు. రెండోది లాయరుతో మాట్లాడకుండా చేయొద్దు. కొన్ని దేశాల్లో ఇలాంటి లోపాలకు అధికారులు చర్య తీసుకుంటే నష్టం భరించే ఇన్సూరెన్స్ దొరుకుతుంది, కానీ ఆ సంగతి ముందే అధికారుల చెవిన పడితే చాలా కంపెనీలు ఆ పాలసీ ఇవ్వవు. ఆ పాలసీ వచ్చినా నోటీసు వల్ల కలిగే నష్టానికే, గోడ కూలితే కాదు. దాన్ని చూసుకుని ఇంజనీరు పరీక్ష మానేయడం చాలా పెద్ద తప్పు.

పాత పనికి ఇప్పుడు అనుమతి తెచ్చుకునే వీలుంటే, ఆ దరఖాస్తు అమ్మేవాళ్ళే పెట్టి, ఆమోదం వచ్చాకే రిజిస్ట్రేషన్ అని పట్టుబట్టండి. "మీరు కొనుక్కున్నాక చేయించుకోండి, చిన్న ఫీజే" అనే మాటకు లొంగొద్దు. తనిఖీలో గోడ తెరిచి చూపించమంటే, మళ్ళీ కట్టమంటే ఆ ఖర్చు ఎవరిదన్నది అప్పుడు తేలదు. బ్యాంకు లోను తీసుకునేవాళ్ళు వాల్యుయేషన్‌లో అనుమతి లేని భాగాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారో లేదో ముందే అడగండి. ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మార్పుల సంగతి రాతపూర్వకంగా చెప్పండి, దాచితే రేపు క్లెయిం తిరస్కరించొచ్చు.

అగ్రిమెంటులో మార్పులన్నీ ఒక్కొక్కటిగా, సంవత్సరాలతో రాయించండి. "అమ్మేవారికి తెలిసినంతవరకు" అనే మాట చేరిస్తే ఆ హామీ సగం పలచబడుతుంది, లాయరుతో తీయించండి. ఫలానా తేదీలోపు కాగితాలు రాకపోతే, ఇంజనీరు రిపోర్టు బాగా లేకపోతే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇవ్వాలన్న షరతు ఉండాలి. చిన్న లోపమైతే కొంత డబ్బు లాయరు దగ్గరో బ్యాంకు ఎస్క్రోలోనో (షరతు తీరేదాకా డబ్బు పట్టి ఉంచే ఖాతా) ఆపి, కాగితం వచ్చాక విడుదల చేయించొచ్చు. ధర తగ్గించమని అడిగేటప్పుడు ఊరికే ఓ అంకె చెప్పకండి. అనుమతి ఫీజులు, జరిమానా, రిపేరు, అవసరమైతే కూల్చే ఖర్చు, ఆ గది పోతే తగ్గే ఇంటి విలువ, అన్నీ కూడి కాగితం మీద పెట్టండి. అలా చూపించిన లెక్కను కాదనడం అమ్మేవాళ్ళకు కష్టం.

బరువు మోసే గోడ పోయి, లోపల చూడనివ్వక, అగ్రిమెంటులో రాయడానికీ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి, ఎంత నచ్చినా సరే. కొనడానికే నిర్ణయించుకుంటే, ఇంజనీరు రిపోర్టు, పరీక్షల రీడింగులు, తెరిచినప్పుడు తీసిన ఫోటోలు, అమ్మేవాళ్ళ లిఖిత జవాబులు ఒక ఫైల్లో పెట్టి స్కాన్ కూడా తీయించండి. మీరు అమ్మే రోజున కొనేవాళ్ళు అడిగేవి అవే.