ఐటిఐ అయ్యాక స్టైపెండ్‌తో పని నేర్చుకోవడం ఎలా?

కర్నూలు, అనంతపురం వైపు ఐటిఐ చేతికొచ్చిన పిల్లలు చాలామంది నేరుగా బెంగళూరు బస్సెక్కుతారు. ఎక్కేముందు అప్రెంటిస్‌షిప్, అంటే స్టైపెండ్ తీసుకుంటూ సంస్థలో పని నేర్చుకునే శిక్షణ, సంగతి ఒకసారి చూడండి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే.

ముందు కాగితాలు సరిచూసుకోండి. పోర్టల్‌లో నమోదు సంగతి తర్వాత. టెన్షన్ అంతా ఇక్కడే. పదో తరగతి మెమోలో షేక్ అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఎస్ అని పొడి అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ తేడా ఉంటే మరీ కష్టం. నోటిఫికేషన్ పడ్డాక సరిచేయించుకుందామంటే గడువు దాటిపోతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో కూడా బ్యాంకుకెళ్ళి అడగండి. నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) వర్తించే చోట స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు, కేంద్రం నేరుగా ఆ ఖాతాలోనే వేస్తుంది.

ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఫోన్‌లోనే అయిపోతుంది.

ఎక్కడ చేరాలి? ఆర్టీసీ డిపోల్లో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి ట్రేడ్‌లకు తీసుకుంటారు. మన జిల్లాల వాళ్ళకు సర్టిఫికెట్ల పరిశీలన కర్నూలు బళ్ళారి చౌరస్తాలోని ఆర్టీసీ శిక్షణ కళాశాలలో జరుగుతుంటుంది. రైల్వేలో రాత పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటిఐ మార్కులే చూస్తారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటి ఖాళీలు పోర్టల్‌లో వెతకండి. సీటు ఇప్పిస్తానని డిపాజిట్ అడిగేవాడికి మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి.

చేరిన రోజే ఒప్పందం అడగండి. మీకు 18 నిండకపోతే అమ్మో నాన్నో సంతకం చేయాలి. ఆ ఒప్పందం పోర్టల్‌లో నమోదు కాకపోతే మీరు అక్కడ అప్రెంటిస్ కాదు, కూలీ మాత్రమే. 2019 నిబంధనల్లో ఐటిఐ వాళ్ళకు కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు, పదో తరగతితో చేరేవాళ్ళకు 6,000. అద్దె గదిలో ఉండి చేయాలంటే ఇది చాలదు. ఇంటి నుంచి వెళ్ళొచ్చే డిపో దొరికితే వదలొద్దు.

శిక్షణ అయ్యాక పరీక్ష రాయాలి. సగంలో మానేస్తే సర్టిఫికెట్ రాదు. అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు లెవెల్-1 (పాత గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. సర్టిఫికెట్ రాగానే పేరు, ట్రేడ్ సరిగ్గా పడ్డాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి.