ఉల్లిపొర నుంచి గడ్డినీళ్ల దాకా: మైక్రోస్కోప్‌తో మొదటి పది రోజులు

నేను జీవశాస్త్రం టీచరుగా చేరిన కొత్తలో, పిల్లలు ఉల్లిపొర బొమ్మలో నల్లటి అంచుతో గుండ్రంగా గీసినవాటికి కూడా మార్కులు వేసేశాను. అవి కణాలు కావు, గాలి బుడగలు. రెండేళ్ల తర్వాత గానీ నాకు తెలిసి రాలేదు. అందుకే ఎవరు అడిగినా ముందు బుడగల సంగతే చెబుతాను.

ఉల్లిగడ్డను నిలువుగా నాలుగు ముక్కలు కోసి, ఒక దళసరి పొరను విడదీయండి. దాని గుంట వైపున సన్నటి కాగితంలాంటి పొర ఉంటుంది. ముక్కను విరిస్తే అది తెగకుండా వేలాడుతుంది, నెమ్మదిగా లాగండి. వెంటనే నీళ్లలో వేయాలి. ఫ్యాన్ గాలికి పెడితే చుట్టుకుపోతుంది, మళ్లీ సాగదీయడం మీ తరం కాదు. చిటికెన వేలి గోరంత ముక్క చాలు.

స్లైడ్ మీద ముందు నీటిచుక్క, దాంట్లో పొర, పైన ఒక చుక్క అయోడిన్. రెండు నిమిషాలు ఆగండి. కవర్ స్లిప్‌ను అమాంతం పైనుంచి పడేయకండి, బుడగలు వచ్చేది అక్కడే. ఒక అంచును నీటికి ఆనించి, రెండో అంచును సూదితో పట్టుకుని మెల్లగా దించండి. ఎక్కువైన నీటిని టిష్యూతో అద్దేయండి.

ముందు చిన్న కటకం, అంటే 10ఎక్స్. కంటి దగ్గరిది కూడా 10ఎక్స్ అయితే 100 రెట్లు పెద్దగా కనబడుతుంది. 40ఎక్స్ పెట్టాక, కటకానికీ స్లైడ్‌కూ మధ్య దూరం మార్చే పెద్ద మరను ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్నాను. 'టిక్' మంది, కవర్ స్లిప్ రెండు ముక్కలు.

సరిగ్గా కుదిరితే ఇటుకల గోడలాంటి వరుసలు కనబడతాయి. ఆ గీతలే కణకవచాలు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసిందీ ఈ గోడల్నే. కాకపోతే ఆయన చూసినవి ఖాళీ గదులు. మన ఉల్లి కణంలో గోధుమరంగు చుక్క ఒకటి, చాలాసార్లు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. అది కేంద్రకం. మధ్యలో పెద్ద రిక్తిక, అంటే ద్రవం నిండిన సంచి, చోటంతా ఆక్రమించేసింది కాబట్టి దానికి పక్కకి జరగక తప్పదు. పచ్చదనం ఏదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉల్లిగడ్డ లోపలి పొరలకు వెలుతురు తగలదు, అక్కడ హరితరేణువులు ఉండవు. అవి చూడాలంటే చెరువులో దొరికే హైడ్రిల్లా ఆకును కోయకుండా అలాగే స్లైడ్ మీద పెట్టండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది గడ్డినీళ్ల సీసా. గుప్పెడు ఎండు వరిగడ్డిని అర లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది గనుక ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచినవి వాడితే మేలు. దీన్ని వెడల్పు మూతి సీసాలో పోసి, గట్టుపక్క కుళ్లిన ఆకుల దగ్గర ముంచిన చెరువు నీళ్లు ఒక గ్లాసు కలపండి. మూతికి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. రెండో సీసాలో గడ్డినీళ్లు మాత్రమే పోసి పక్కనే ఉంచండి.

రెండు మూడు రోజుల్లో రెండు సీసాలూ మసకబారతాయి. మరిగించినా చావని బాక్టీరియా గడ్డిలో ఉంటుంది మరి. పైన తెల్లటి తెట్టు కడుతుంది. ఐదో రోజు నుంచి మొదటి సీసాలో తెట్టు కిందనుంచి చుక్క తీసి చూడండి. చెప్పు ఆకారంలో చకచకా పరుగెత్తేవి కనబడితే అవి పారమీషియంలు, అంటే ఒకే కణంతో బతికే జీవులు. కంటికి నిలవకపోతే నాలుగు దూది పోగులు వేయండి, అడ్డం తగిలి నెమ్మదిస్తాయి. రెండో సీసాలో ఇవి దొరకవు.

రోజూ ఒకే డ్రాపర్‌తో ఒక చుక్క తీసి, అందులోని పారమీషియంల లెక్క రాయండి. గడ్డిని బాక్టీరియా తింటుంది, బాక్టీరియాను పారమీషియంలు తింటాయి. తిండి ఉన్నన్నాళ్లు అంకె పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది. ఆహార గొలుసు పాఠం చెప్పడానికి నేను బోర్డు మీద బాణాలు గీయడం మానేసి ఈ లెక్కల పుస్తకమే చూపిస్తున్నాను.

సీసాను మాత్రం స్టాఫ్‌రూంలో పెట్టకండి. వారం తిరిగేసరికి ఆ కంపుకి మా హిందీ టీచరు కుర్చీ వరండాలో వేసుకున్నారు. పని అయ్యాక నీళ్లు చెట్టు మొదట్లో పోసి చేతులు సబ్బుతో కడుక్కోండి. కటకాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, చీర చెంగుతో కాదు.