సిలువ బొమ్మ వేసేటప్పుడు ఎర్ర డబ్బా ఆఖరికి తెరవండి

గుడ్ ఫ్రైడే దగ్గరపడితే పలాస చుట్టుపక్కల ఊళ్లలో చర్చి గోడ మీద సిలువ బొమ్మ వేయమని నాలాంటి పెయింటర్లను పిలుస్తారు. కొత్తవాళ్లు ముందే ఎర్ర డబ్బా తెరిచేస్తారు. రక్తం ఎక్కువైతే బాధ కనబడదు, రంగే కనబడుతుంది.

ముందు ఒంటి బరువు గీయండి. చేతులు అడ్డకర్ర వెంట తిన్నగా చాపితే మనిషి వేలాడినట్టు ఉండదు, నిలబడినట్టు ఉంటుంది. భుజాలు మణికట్ల కంటే బాగా కిందికి దిగాలి, పక్కటెముకలు పైకి తేలి పొట్ట లోపలికి పోవాలి, తల ఛాతీ మీదికి వాలాలి. అర్థం కాకపోతే జీడితోటలో గట్టి కొమ్మ పట్టుకుని కాసేపు వేలాడండి, ఏ కండ లాగుతుందో మీకే తెలుస్తుంది. ఒంటి రంగులో గులాబీ తగ్గించి ఎల్లో ఆకర్ (మట్టి పసుపు రంగు), తెలుపు, రవ్వంత ఆకుపచ్చ కలపండి.

గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు 1512-1516 మధ్య ఈసెన్‌హైమ్ మఠానికి వేసిన సిలువ బొమ్మను ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. వేళ్లు కొంకర్లు పోయి, ఒళ్లంతా పుళ్లు. రై గింజలకు పట్టే బూజు వల్ల కాళ్లూ చేతులూ కుళ్లే జబ్బు వచ్చినవాళ్లకు ఆ మఠంలో సేవ చేసేవారు, అంటే ఆ రోగులు తమలాగే పుళ్లు పడ్డ ప్రభువును చూశారన్నమాట. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో పనికి వెళ్తే నాకు అదే గుర్తొస్తుంది, మన గోడ ముందు డయాలసిస్‌కు తిరిగేవాళ్లు కూర్చుంటారు కదా. అందుకే ఒక ఊళ్లో ప్రభువు పాదాలు వాళ్ల పాదాల్లాగే కొంచెం వాచినట్టు వేశాను. ఒక పెద్దావిడ వచ్చి ఆ పాదాల మీద చెయ్యి పెట్టి ఉండిపోయింది, రంగు ఇంకా ఆరలేదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

విశ్వాసం కోసం తల వెనక బంగారు చక్రం వేస్తే సరిపోదు, కింద ఉన్నవాళ్లలో చూపించాలి. యోహాను సువార్త 19వ అధ్యాయంలో తల్లి సిలువ దగ్గర నిలుచుందనే ఉంది, పడిపోయిందని లేదు, అందుకే మరియమ్మను నేను నిలబెట్టే వేస్తాను. మోకాళ్లు కాస్త వంగినా పాదాలు నేలకు ఆనాలి, చూపు కొడుకు ముఖం వదలకూడదు. చేతులకు మాత్రం జీడిపిక్కలు కొట్టే అమ్మల చేతులు చూసి గీయండి, జీడి అంటి నల్లబడ్డ ఆ వేళ్లు. కన్నీరు ఒక కంటి అంచున చాలు.

ఇప్పుడు ఎర్ర డబ్బా తెరవండి. అందులో ముదురు గోధుమ రంగు కలిపి, సన్న బ్రష్‌తో మేకుల దగ్గర, ముళ్ల కింద, డొక్కలో వేసి బ్రష్ కడిగేయండి.