విదేశానికి వెళ్తున్నారా? మీ మతం విషయంలో అక్కడి రూల్స్ ముందే చూసుకోండి

మెడికల్ అయిందా, వీసా స్టాంపింగ్ అయిందా, టికెట్ ఎంత పడింది... గల్ఫ్‌కి వెళ్లేవాళ్లని మన హైదరాబాద్‌లో అందరూ అడిగేది ఇవే. అక్కడ పూజ చేసుకోవచ్చా, చర్చి ఉంటుందా, మెడలో శిలువ కనిపిస్తే ఎవరైనా ఏమైనా అంటారా అని ఏజెంట్‌ని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగినా "అదేం ప్రాబ్లం కాదులే అన్నా" అని మాట దాటేస్తాడు. కానీ కొన్ని దేశాల్లో అది నిజంగానే ప్రాబ్లం, ఎందుకంటే అక్కడ ఆపేది ప్రభుత్వమే. తెలియక కేసులో ఇరుక్కుని, పని పోయి, డిపోర్ట్ అయి శంషాబాద్‌లో దిగితే మీరు కట్టిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు. హిందువులైనా, ముస్లింలైనా, క్రైస్తవులైనా, సిక్కులైనా అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

మొదట ఒకటి విడదీసుకోండి. ప్రభుత్వం చట్టం చేసి పెట్టే ఆంక్ష వేరు, చుట్టూ ఉన్న జనం చూపించే వివక్ష వేరు, లేబర్ క్యాంపులో సూపర్‌వైజర్ సొంతంగా పెట్టిన రూల్ వేరు. "ఆ దేశంలో మనవాళ్లని బతకనివ్వరంట" అని వచ్చే వాట్సాప్ మెసేజ్‌ల్లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 198 దేశాలను పరిశీలిస్తూ ప్రభుత్వ ఆంక్షలకు 20 ప్రశ్నలతో ఒక సూచీ, సమాజంలో ఉండే శత్రుత్వానికి 13 ప్రశ్నలతో ఇంకో సూచీ వేరువేరుగా లెక్కగడుతుంది. మీకు మాత్రం నాలుగు ప్రశ్నలు చాలు: మీ మతానికి అక్కడ గుర్తింపు ఉందా, ప్రార్థన ఎక్కడ చేసుకోవచ్చు, వెంట ఏం తీసుకెళ్లొచ్చు, దాని గురించి ఎవరితో ఎంతవరకు మాట్లాడొచ్చు.

జవాబులు ఎక్కడ దొరుకుతాయంటే, అమెరికా విదేశాంగ శాఖ మతస్వేచ్ఛ మీద దేశాలవారీగా రిపోర్టులు ఇస్తుంది. మీరు వెళ్లే దేశం రిపోర్టు తెరిచి, అందులో చట్టాల గురించి ఉన్న భాగం ముందు చదవండి, ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పనుల భాగం. ఇంగ్లీష్ కష్టమైతే ఫోన్‌లోనే అనువాదం పెట్టుకోండి, విషయం అర్థమవుతుంది. అయితే ఆ రిపోర్టుల్లో అమెరికా గురించి ఉండదు, మన దేశం గురించి రాసేవాటిని మన ప్రభుత్వం ఒప్పుకోదు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోకుండా ఆ దేశ రాజ్యాంగం, కస్టమ్స్ సైట్, అక్కడి భారత ఎంబసీ సైట్ కూడా చూడండి. అన్నిటికంటే మంచిది, అక్కడ ఇప్పటికే పని చేస్తున్న మీ మతంవాళ్లు ఒకరితో ఫోన్‌లో మాట్లాడటం.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేవాటిలో జాగ్రత్త ఎక్కువ కావాల్సింది సౌదీలో. ముస్లింలు కానివాళ్లకు అక్కడ బహిరంగ ప్రార్థనాస్థలం ఒక్కటి కూడా లేదు. గదిలో తలుపులు వేసుకుని చేసుకునే ప్రార్థన జోలికి రామని ప్రభుత్వం చెబుతూ వచ్చింది, కానీ దానికి రాతపూర్వకమైన చట్టం రక్షణ లేదు. అంటే పది మందిని పోగేసి, పాటలు బయటికి వినిపించేలా భజనో ఆరాధనో పెడితే మీ వైపు చూపించుకోవడానికి కాగితం ముక్క ఉండదు. 2016లో మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశాక వాతావరణం కొంత మారింది, అంతమాత్రాన చట్టం మారిందనుకోవద్దు. డ్రైవర్‌గా వెళ్లే తమ్ముళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: మక్కా నగరంలోకి, మదీనాలో ప్రవక్త మసీదు చుట్టూ ఉన్న హరం ప్రాంతంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు, మక్కా వైపు వెళ్లే హైవే మీద బోర్డులు పెట్టి దారి వేరు చేస్తారు. జీపీఎస్ చూపించింది కదా అని పోనివ్వకండి. వీసా ఫారంలో మతం అడిగిన చోట నిజమే రాయండి.

సౌదీకి సూట్‌కేసు సర్దేటప్పుడే ఆలోచించండి. పర్సులో పట్టే వెంకటేశ్వరస్వామి ఫొటో ఒకటి, సొంతానికి ఒక తెలుగు బైబిల్ అంటే సాధారణంగా చూసీచూడనట్టు వదిలేస్తారు. అదే బైబిల్ పది కాపీలు, లేదా కట్టగా కరపత్రాలు దొరికితే పంచడానికే తెచ్చారనుకుంటారు, అక్కడ మతప్రచారం నేరం. అమ్మ ప్రేమగా పెట్టిన ఇత్తడి విగ్రహం ఇంట్లోనే ఉంచండి. ఒక మనిషి తన దేవుడి బొమ్మ పెట్టుకోవడానికి భయపడాల్సి రావడం అన్యాయమే, నేను ఇలాంటి సలహా రాయాల్సి రావడం నాకు బాధగానే ఉంది. కానీ 1948లో విశ్వమానవ హక్కుల ప్రకటనకు ఓటింగ్ జరిగినప్పుడే సౌదీ తటస్థంగా ఉండిపోయింది, మతస్వేచ్ఛకు హామీ ఇచ్చే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఇప్పటికీ చేరలేదు. అక్కడి పోలీస్ స్టేషన్‌లో అంతర్జాతీయ హక్కుల గురించి మాట్లాడితే పని జరగదు.

గల్ఫ్ అంతా ఒకటే అనుకోవడం కూడా తప్పు. దుబాయ్‌లో 1950ల నుంచి గుడి ఉంది, జెబెల్ అలీలో 2022లో ఇంకోటి, అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో స్వామినారాయణ సంస్థ బాప్స్ కట్టిన పెద్ద హిందూ మందిరం తెరిచారు, చర్చిలూ ఉన్నాయి. బహ్రెయిన్‌లోని మనామాలో, ఒమన్‌లోని మస్కట్‌లో పాత హిందూ ఆలయాలున్నాయి. ఖతర్‌లో దోహా శివార్లలో చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి, బయటికి శిలువ కనిపించకూడదు. కువైట్‌లో కొన్ని చర్చిలకు గుర్తింపు ఉంది, హిందువులు, సిక్కులు ఇళ్లలోనే చేసుకుంటారు. కువైట్‌లో రంజాన్ నెల పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం 1968 నాటి చట్టం ప్రకారం నేరం, 100 దినార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు. మీరు ఏ మతమైనా ఇది వర్తిస్తుంది, ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు తాగే చోటు ఎక్కడో కంపెనీని ముందే అడగండి.

ఇక ఫోన్. గుడులున్న యూఏఈలో కూడా మతాన్ని కించపరిచే పోస్టుకు జైలు, లక్షల దిర్హామ్‌ల జరిమానా ఉన్నాయి, అలాంటి పోస్టుల వల్ల భారతీయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. విమానం ఎక్కకముందే పాత పోస్టులు, గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసినవి తీసేయండి, మతాల గొడవలు పెట్టే గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి. ఇది ఇక్కడ ఉన్నా చేయాల్సిన పనే.

హనీమూన్‌కి మాల్దీవులు వెళ్లేవాళ్లు పూజా విగ్రహాలు తీసుకెళ్లకండి, కస్టమ్స్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. అక్కడి 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిం కానివాళ్లు పౌరులే కాలేరు.

ఎంబీబీఎస్‌కి రష్యా వెళ్లే పిల్లలు, ముఖ్యంగా యెహోవాసాక్షుల (క్రైస్తవంలో ఒక శాఖ) కుటుంబాలవాళ్లు, ఇది జాగ్రత్తగా చదవండి. 2016లో తెచ్చిన యరోవయా చట్టం మతప్రచారాన్ని గట్టిగా కట్టడి చేసింది, విదేశీయులైతే జరిమానాతో పాటు దేశం నుంచి పంపేయొచ్చు. 2017 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు యెహోవాసాక్షుల సంస్థను తీవ్రవాద సంస్థగా నిషేధించింది. డెన్మార్క్ పౌరుడు డెనిస్ క్రిస్టెన్సెన్‌కి 2019లో ఆరేళ్ల జైలు పడింది, ఆయన కత్తి పట్టలేదు, బాంబు పెట్టలేదు, తోటివాళ్లతో ప్రార్థన కొనసాగించాడంతే. సింగపూర్‌లో కూడా 1972 నుంచి ఈ సంస్థకు రిజిస్ట్రేషన్ లేదు. మన దగ్గర మాత్రం కేరళలోని ఒక యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడకుండా నిలబడినందుకు స్కూల్లోంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది.

చైనాలో ప్రభుత్వం గుర్తించినవి ఐదే: బౌద్ధం, తావోయిజం, ఇస్లాం, క్యాథలిక్, ప్రొటెస్టెంట్. 2022 మార్చి నుంచి లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో మతబోధ కుదరదు, హాస్టల్ గది నుంచి వీచాట్‌లో ప్రార్థన గ్రూపు నడపాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఫ్రాన్స్‌లో 2004 చట్టం హిజాబ్‌నీ, సిక్కుల తలపాగానీ ఆపేది ప్రభుత్వ బడుల్లోనే, యూనివర్సిటీ విద్యార్థులకు అది వర్తించదు. ముఖం పూర్తిగా కప్పుకోవడం మాత్రం బహిరంగ ప్రదేశాల్లో ఎక్కడా కుదరదు.

మన దేశం గురించి కూడా ఇవే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. టూరిస్ట్ వీసా మీద వచ్చి తబ్లీగ్ (ఇస్లాం ప్రచార) పనులు చేయకూడదని ఇక్కడా రూల్ ఉంది, 2020లో ఆ కారణంగా రెండు వేల మందికి పైగా విదేశీయులను బ్లాక్‌లిస్టులో పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లో 2021 చట్టం ప్రకారం మతం మారాలనుకునే వ్యక్తి 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలి. సౌదీలో తప్పనిపించింది ఇక్కడ ఒప్పనిపిస్తే ఒకసారి ఆగి ఆలోచించండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పట్టుకుంటే, 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం మీ ఎంబసీకి కబురు పంపమని అడిగే హక్కు మీకుంది. అరుస్తూ కాకుండా, మళ్లీ మళ్లీ అడగండి. చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకండి, అనువాదం చేసేవాళ్లని పిలవమనండి. పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు కాపీలు ఇంట్లో ఒక సెట్ ఉంచి వెళ్లండి. మీరు లోపల ఉన్నప్పుడు కోపం ఆపుకోలేక ఆ దేశాన్నో, ఆ మతాన్నో తిడుతూ ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి, కేసు ఇంకా బిగుసుకుంటుంది. ముందు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబర్ పట్టుకుని ఎంబసీకి రోజూ ఫోన్ చేయమనండి.