గడ్డి గులాబీ పూయడం లేదా?

నర్సరీలో కుండీ నిండా పూసిన గడ్డి గులాబీ, అదే టేబుల్ రోజ్, ఇంటికి రాగానే మొహం ముడుచుకోవడం మామూలే. అర్జెంటీనా, దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే దీని పుట్టిల్లు. మన గంగవావిలి కూరకు దగ్గరి చుట్టం. జానెడు ఎత్తు దాటని ఈ మొక్కకు ఎండ ఎంత ఉన్నా చాలదు, నీళ్లు కాస్త ఎక్కువైనా పడవు.

మొగ్గలున్నా విచ్చుకోవడం లేదు

ఎండ చాలడం లేదు. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగిలే చోటికి కుండీని మార్చండి. మబ్బు పట్టిన రోజు పువ్వు ముడుచుకునే ఉంటుంది, అది జబ్బు కాదు. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూటే కాబట్టి సాయంత్రం వచ్చి చూసి పూయలేదనుకోకండి. ఉదయం పదింటికి చూడండి. విచ్చిన పువ్వులోని కేసరాలను అగ్గిపుల్లతో మెల్లగా తాకితే, తాకిన వైపుకే వంగుతాయి. తేనెటీగ వాలినప్పుడు పుప్పొడి అంటించడానికి ఈ ఏర్పాటు!

కాడలు సాగి, ఆకులు పలచబడ్డాయి

దీనికీ కారణం నీడే, లేదా యూరియా అతిగా వేయడం. ఎరువు ఆపి, కాడలను సగానికి కత్తిరించండి. ముక్కలను పారేయకుండా అదే కుండీలో గుచ్చండి.

మొదలు నల్లబడి మెత్తబడింది

ఎక్కువ మొక్కలు పోయేది ఇలాగే. సన్నని గొట్టాల్లాంటి ఆకులే దీని నీటి తొట్లు. ఆకును వేళ్లతో నొక్కండి: గట్టిగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. మన్ను తడిగా ఉన్నా ఆకు ముడతలు పడిందంటే వేరు కుళ్లినట్టే. అప్పుడు దాహం వేసిందనుకుని ఇంకో చెంబెడు పోస్తే మొక్క దక్కదు. గట్టిగా ఉన్న కొసలు తుంచి, ఒక పూట నీడలో ఆరబెట్టి, సగం ఇసుక కలిపిన మట్టిలో నాటండి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి.

కణుపుల్లో తెల్లటి దూది

పిండినల్లి. చీమలు బారులు తీరితే అనుమానమే లేదు. లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

బాగానే పూసింది, ఇప్పుడు ఎండిపోతోంది

ఇది ఏకవార్షికం, దాని కాలం తీరింది. కాయలు పండితే పైభాగం మూతలా ఊడి, బూడిదరంగులో మెరిసే సన్నని గింజలు కనబడతాయి. వాటిని మట్టి మీద చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పవద్దు. ముద్ద పూల రకాలకు గింజలు తక్కువ కాబట్టి, తల్లి మొక్క వాడకముందే కాడలు తుంచి నాటుకోండి.