చిన్న చెక్కపెట్టె: జిగురు రాసే ముందు జాగ్రత్తలు

- చెక్క పచ్చిగా ఉండకూడదు. ఎండిన చెక్కనైనా పనిగదిలోనే వారం ఉంచి, తర్వాతే కోయండి.

- ఎదురెదురు పలకలు ఒకే పొడవున్నాయా? పక్కపక్కన నిలబెట్టి అంచుల మీద వేలితో తడమండి. కంటికి అందని తేడా వేలికి తెలుస్తుంది.

- మూలకోత 45 డిగ్రీలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తప్పితే నాలుగు మూలల 8 కోతలకు 4 డిగ్రీలవుతుంది, చివరి మూల నోరు తెరుస్తుంది. అందుకే ముందు జిగురు లేకుండా బిగించి, రెండు కర్ణాలూ కొలవండి. తేడా ఉంటే అక్కడే ఆగండి.

- లోపలివైపు ఉప్పుకాగితం (180 నంబరు, తర్వాత 220) ఇప్పుడే పట్టాలి.

- అడుగుపలక ప్లైవుడ్ అయితే అంటించవచ్చు. అసలు చెక్క అయితే అది కూర్చునే గాడిలో జిగురు వద్దు, కాస్త ఖాళీ వదలండి. తేమకు ఉబ్బితే మూలలను విడగొడుతుంది.

- పలకలను బిగించి పట్టే క్లాంపులు, కారిన జిగురు తుడిచే తడిగుడ్డ చేతికందేలా ఉండాలి.