బుల్లి చేపలతో ప్రదర్శనకు వెళ్లేవారికి జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో విజయనగరంలో జరిగే హాబీ ప్రదర్శనకు అరుదైన చిన్న చేపలను తీసుకెళ్లాలనుకుంటే, ఏవి వెళ్లాలో, ఏవి ఇంట్లోనే ఉండాలో ముందు తేల్చుకోండి. గుడ్లు పెడుతున్న జంటను కదపవద్దు. మీ ఇంట్లో పుట్టి పెరిగినవి ఉంటే వాటినే చూపించండి.

పడమటి కనుమల వాగుల్లో పుట్టే, భయపడితే ఒళ్లు ఉబ్బించే బఠాణీ పఫర్ చేప సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. అస్సాం, ఉత్తర బెంగాల్ వైపు దొరికే స్కార్లెట్ బాడిస్ ఇంకా చిన్నది. ఇంత చిన్న చేపలకు చిన్న తొట్టి చాలనిపిస్తుంది, కానీ నీళ్లు తక్కువైతే అవి తొందరగా వేడెక్కుతాయి, తొందరగా పాడవుతాయి. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. అందుకే కనీసం 40 లీటర్ల తొట్టి పెట్టండి. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి హాలుకు తాళం వేశాక ఫ్యాన్లు ఆపేస్తారు కాబట్టి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి.

స్పాంజి ఫిల్టర్‌ను కొన్ని వారాల ముందే ఇంటి తొట్టిలో నడపండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషపు అమ్మోనియాను అంత హాని చేయని పదార్థంగా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియా చావకుండా, స్పాంజిని కొళాయి నీటితో కడగకుండా, తొట్టి నీటిలోనే తడిగా తీసుకెళ్లండి.

ప్రయాణానికి ముందు ఒక రోజు మేత ఆపండి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉండాలి. పఫర్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి కనుక ఒక్కోదాన్ని విడి సంచిలో పెట్టాలి. బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి వచ్చేవారు తెల్లవారుజామునే థర్మోకోల్ పెట్టెలో సర్దుకుని బయలుదేరండి.

హాలులో చాలామంది పట్టించుకోనిది పొగ. ఎయిర్ పంపు చుట్టూ ఉన్న గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుంది. పక్క స్టాలులో అగరుబత్తి వెలిగించినా, దోమల మందు కొట్టినా అదంతా తొట్టిలోకి వెళ్తుంది. నిర్వాహకులతో ముందే మాట్లాడి, వీలైనంత దూరంగా చోటు అడగండి.

"ఒక్కసారి ఉబ్బించి చూపించండి అన్నయ్యా" అని పిల్లలు అడుగుతారు. పఫర్ భయంతోనే ఉబ్బుతుంది. వలతో నీటి పైకి తీస్తే గాలి మింగుతుంది, ఆ గాలి బయటకు రాక చచ్చిపోవచ్చు కూడా. ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. దానికి బదులు చిన్న నత్తను వేయండి. పఫర్ రెండు కళ్లనూ వేర్వేరుగా తిప్పుతూ, నత్త చుట్టూ మెల్లగా తిరిగి, అది తల బయటపెట్టగానే కొరుకుతుంది. పిల్లలు దాన్ని చూస్తూ నిలబడిపోతారు.

మీ వలను ఎవరికీ ఇవ్వవద్దు, ఎవరిదీ తీసుకోవద్దు. జబ్బులు అలాగే అంటుకుంటాయి. ప్రదర్శన అయ్యాక తీసుకునేవారు లేని చేపలుంటే ఇంటికే తీసుకెళ్లండి. చంపావతి నదిలోనో ఊరి చెరువులోనో వదలవద్దు.